సర్టిఫికెట్ వచ్చింది సరే.. హెచ్‌టీఎంఎల్ వచ్చిందా? ఫ్రీ ఆన్‌లైన్ కోర్సు నేర్పేదేంటి, వదిలేసేదేంటి?

బ్యాంకు అకౌంట్ కోసం ఆన్‌లైన్ ఫారం తెరిచారనుకుందాం. పేరు, ఫోన్ నంబర్, పుట్టిన తేదీ.. ఏ గడి దేనికో స్క్రీన్ మీద క్లియర్‌గా కనిపిస్తోంది. అదే ఫారంను చూపు లేని వ్యక్తి తన ఫోన్‌లో తెరిస్తే? ఫోన్‌లోని స్క్రీన్ రీడర్ 'ఎడిట్ బాక్స్.. ఎడిట్ బాక్స్.. ఎడిట్ బాక్స్' అని చదువుకుంటూ పోతుంది. పేరు ఎక్కడ రాయాలో, నంబర్ ఎక్కడ కొట్టాలో అర్థం కాదు. పక్కన ఎవరైనా ఉంటేనే పని జరుగుతుంది. అంటే ఓటీపీ కూడా వాళ్లకే చెప్పాలి.

తప్పు సర్వర్‌ది కాదు, నెట్ స్పీడ్‌ది కాదు. ఆ పేజీ రాసిన డెవలపర్ లేబుల్ ట్యాగ్‌ను గడితో కలపలేదు. అంతే. ఒకే ఒక్క అట్రిబ్యూట్ మర్చిపోయారు. హెచ్‌టీఎంఎల్ నేర్చుకునేవాళ్లకు మొదటి రోజుల్లోనే ఎదురయ్యే విషయం ఇది.

మరి నేర్చుకున్నవాళ్లు ఎందుకు మర్చిపోతున్నారు? ఇంట్లో కూర్చుని, మన వీలును బట్టి పూర్తి చేసుకునే సెల్ఫ్ పేస్డ్ కోర్సులు ఇవాళ లక్షల మందికి మొదటి మెట్టు. ఆ కోర్సులు ఈ ఒక్క లైన్‌ను ఎలా నేర్పుతున్నాయి? నేర్పాక, వచ్చిందో లేదో ఎలా చెక్ చేస్తున్నాయి? అసలు తేడా ఆ రెండో ప్రశ్న దగ్గరే కనిపిస్తోంది.

ఇప్పుడే ఎందుకీ చర్చ?

2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు ఒక కీలక తీర్పు ఇచ్చింది. యాసిడ్ దాడి బాధితులు, చూపు లేని ఒక వ్యక్తి వేసిన పిటిషన్లపై జస్టిస్ జేబీ పార్దీవాలా, జస్టిస్ ఆర్ మహదేవన్ ధర్మాసనం ఇచ్చిన తీర్పు అది. డిజిటల్ సేవలు అందరికీ అందడం రాజ్యాంగంలోని ఆర్టికల్ 21 కింద జీవించే హక్కులో భాగమేనని కోర్టు స్పష్టం చేసింది. డిజిటల్ కేవైసీ దివ్యాంగులకు కూడా వీలయ్యేలా ఉండాలంటూ 20 ఆదేశాలు ఇచ్చింది. కెమెరా ముందు కళ్లు ఆర్పితేనే కేవైసీ పూర్తవుతుందంటే, కనురెప్పలు దెబ్బతిన్నవాళ్ల పరిస్థితేంటి అన్నది ఆ కేసులో ప్రధానంగా వచ్చిన ప్రశ్న.

అదే ఏడాది జూన్ 28 నుంచి యూరోపియన్ యాక్సెసిబిలిటీ చట్టం నిబంధనలు అమల్లోకి వచ్చాయి. యూరప్ కస్టమర్లకు సేవలిచ్చే ఆన్‌లైన్ షాపింగ్, బ్యాంకింగ్ లాంటి సైట్లు దివ్యాంగులు వాడుకునేలా ఉండాల్సిందే. 'అది యూరప్ గొడవ, మనకేంటి' అనుకోవడానికి లేదు. అక్కడి కంపెనీలకు కోడ్ రాసేవాళ్లలో హైదరాబాద్ హైటెక్ సిటీలో కూర్చునేవాళ్లు కూడా ఉన్నారు. క్లయింట్ దగ్గర్నుంచి వచ్చే బగ్ లిస్టులో 'లేబుల్ లేదు', 'ఆల్ట్ లేదు' అన్న లైన్లు ఇక చిన్న తప్పుల కింద పోవు.

కాబట్టి మార్కప్ నేర్చుకోవడం అంటే ఫ్రెషర్ రెజ్యూమెలో ఓ లైన్ నింపుకోవడం మాత్రమే కాదు. ఇప్పుడు దాని వెనక చట్టం ఉంది.

చాలామంది మొదలుపెట్టే కోర్సు

ఉదాహరణకు ఫ్రీకోడ్‌క్యాంప్ కోర్సునే తీసుకుందాం. 2014లో క్విన్సీ లార్సన్ మొదలుపెట్టిన ఈ సంస్థ లాభాపేక్ష లేకుండా నడుస్తోంది. కోర్సు ఫ్రీ, సర్టిఫికెట్ కూడా ఫ్రీ. 'రెస్పాన్సివ్ వెబ్ డిజైన్' పేరుతో ఉన్న హెచ్‌టీఎంఎల్, సీఎస్ఎస్ కోర్సు దాదాపు 300 గంటల పని అని సంస్థే చెబుతుంది. ఈమధ్య దీన్ని లెక్చర్లు, వర్క్‌షాపులు, ల్యాబ్‌లు, క్విజ్‌లతో పెంచి మార్చారు. ఎక్కువమందికి తెలిసింది మాత్రం 2022లో వచ్చిన వెర్షన్. అందులో 15 ప్రాక్టీస్ ప్రాజెక్టులు, సర్టిఫికెట్ కోసం చేయాల్సిన 5 ప్రాజెక్టులు ఉంటాయి. ఇక్కడ చూస్తున్నది ఆ వెర్షన్‌నే.

మొదటి ప్రాజెక్టు పిల్లుల ఫొటోల పేజీ. వినడానికి పిల్లల ఆటలా ఉంటుంది. కానీ మొదటి మెట్టుగా దీన్ని బాగానే ఆలోచించి పెట్టారు. ఒక్కో స్టెప్‌లో ఒక్కో లైన్. హెచ్1 హెడ్డింగ్, దాని కింద హెచ్2, ఆ తర్వాత పేరాగ్రాఫ్, మెయిన్, ఇమేజ్, లింక్, లిస్టులు, ఫారం. ఎడమవైపు సూచన, మధ్యలో కోడ్, కుడివైపు పేజీ. తప్పు రాస్తే ముందుకు పోనివ్వదు, ఏం తప్పో ఓ లైన్‌లో చెబుతుంది. ఇమేజ్ ట్యాగ్ రాయించిన వెంటనే ఆల్ట్ టెక్స్ట్ కూడా రాయిస్తుంది. ఫొటో కనిపించనివాళ్లకు ఆ ఫొటోలో ఏముందో చెప్పేది ఆ మాటే కాబట్టి. ఫారం దగ్గరికొచ్చాక లేబుల్‌ను గడికి కలిపే రెండు పద్ధతులూ చేయిస్తుంది. గడిని లేబుల్ లోపల పెట్టడం ఒకటి, 'ఫర్' అట్రిబ్యూట్‌తో గడి ఐడీకి ముడివేయడం రెండోది.

ఇది చిన్న విషయం కాదు. డబ్బులు తీసుకునే వీడియో కోర్సుల్లో చూసేవాళ్ల చేతికి పని ఉండదు. మాస్టారు టైప్ చేస్తుంటే చూస్తాం, అర్థమైనట్టే ఉంటుంది, వీడియో ఆపేస్తే ఒక్క లైనూ గుర్తుండదు. ఇక్కడ చేతితో రాయాల్సిందే. అంతేకాదు, యాక్సెసిబిలిటీ మీద విడిగా ఒక క్విజ్ పేజీ ప్రాజెక్టు కూడా ఉంది. స్క్రీన్ రీడర్‌కు మాత్రమే వినిపించే మాటలు ఎలా పెట్టాలో, పేజీలో ఏ భాగం ఏంటో ఏరియా అట్రిబ్యూట్లతో ఎలా చెప్పాలో అందులో చేయిస్తారు. చాలా ఇంజినీరింగ్ కాలేజీ ల్యాబ్ రికార్డుల్లో ఈ మాట ఊసే ఉండదు. అక్కడ ఇంకా మార్క్యూ ట్యాగ్‌తో పేరు పరిగెత్తించడమే ప్రయోగం! ఫాంట్, సెంటర్, మార్క్యూ.. ఈ మూడూ నేటి ప్రమాణంలో వాడకూడని పాత ట్యాగుల జాబితాలో ఉన్నాయి.

పరీక్షలో అడగని ప్రశ్న

ఇంత బాగా నేర్పిన కోర్సు, సర్టిఫికెట్ ఇచ్చే దగ్గర ఏం అడుగుతుందో చూడాలి.

ఐదు సర్టిఫికెట్ ప్రాజెక్టుల్లో ఒకటి సర్వే ఫారం. పేరు, ఈమెయిల్, నంబర్ గడులు, ఒక డ్రాప్‌డౌన్, రేడియో బటన్లు, చెక్‌బాక్సులు, సబ్మిట్ బటన్ ఉండాలి. షరతుల జాబితా ఇస్తారు. మీరు కోడ్ రాసి బటన్ నొక్కితే ఆటోమేటిక్ టెస్టులు నడుస్తాయి. అన్నీ పాసైతే ప్రాజెక్టు పూర్తి.

ఆ షరతులు ఎలా ఉంటాయంటే.. హెడ్డింగ్‌కు ఫలానా ఐడీ ఉందా, ఫారంకు ఫలానా ఐడీ ఉందా, పేరు గడికి లేబుల్ ఉందా, ఆ లేబుల్‌కు ఫలానా ఐడీ ఉందా, అది ఫారం లోపలే ఉందా.. ఇలా సాగుతాయి. లేబుల్ 'ఉందా' అని అడిగారు. ఆ లేబుల్ గడితో 'కలిసిందా' అని షరతుల్లో లేదు. అంటే 'ఫర్' అట్రిబ్యూట్ రాయకపోయినా ఆ జాబితా ప్రకారం మీ ఫారం ఓకే. పేజీ చూడటానికి బాగుంటుంది. గడి పక్కన పేరు కనిపిస్తుంది. కానీ పైన చెప్పిన బ్యాంకు ఫారం కూడా సరిగ్గా ఇలాగే ఉంది కదా!

పాఠంలో చెప్పారు, పరీక్షలో అడగలేదు. మన దగ్గర చదువుకున్న ఎవరికైనా దీని ఫలితం ఏంటో వేరే చెప్పక్కర్లేదు. 'ఇంపార్టెంట్ క్వశ్చన్స్' జాబితాలో లేని చాప్టర్‌ను ఎవరు చదువుతారు?

ఇది ఫ్రీకోడ్‌క్యాంప్‌ ఒక్కదాని లోపం అనుకుంటే పొరపాటు. మనిషి చూడకుండా, ప్రోగ్రాం మార్కులు వేసే ప్రతి కోర్సులోనూ ఇదే ఇబ్బంది. ట్యాగ్ ఉందా లేదా అని ప్రోగ్రాం సులువుగా చూడగలదు. ఆ ట్యాగ్ అక్కడ ఉండటంలో అర్థం ఉందా అన్నది దానికి కష్టం. ఆల్ట్ టెక్స్ట్ ఖాళీగా లేదని చెప్పగలదు. అందులో 'తిరుమల గోపురం' అని రాశారా, 'ఇమేజ్ 1' అని రాశారా అన్నది పట్టించుకోదు. 'ఫర్' ఉందా అన్నది మాత్రం ప్రోగ్రాం కూడా చిటికెలో చెప్పగలిగే విషయమే. అడిగి ఉంటే సరిపోయేది.

బ్రౌజర్ మరీ మంచిది.. అదే సమస్య

ఏ ప్రోగ్రామింగ్ భాషలోనైనా తప్పు చేస్తే వెంటనే తెలుస్తుంది. జావాలో ఒక సెమీకోలన్ మర్చిపోతే కంపైలర్ ఊరుకోదు. పైథాన్‌లో స్పేస్ తేడా వచ్చినా ఎర్రర్ కొడుతుంది. హెచ్‌టీఎంఎల్ అలా కాదు. ట్యాగ్ మూయకపోయినా, ఒకదానిలో ఒకటి అడ్డదిడ్డంగా పెట్టినా బ్రౌజర్ ఏదో ఒకలా సర్దుకుని పేజీ చూపించేస్తుంది. తప్పులను ఎలా సర్దుకోవాలో కూడా హెచ్‌టీఎంఎల్ ప్రమాణంలోనే వివరంగా రాసి ఉంది!

ఈ మంచితనం వెనక పెద్ద కథే ఉంది. 1991లో టిమ్ బెర్నర్స్ లీ వెబ్‌ను ప్రపంచం ముందు పెట్టినప్పటి నుంచి, ఎవరు పడితే వాళ్లు పేజీలు రాసుకోగలిగేలా ఉండటమే దాని బలం. తర్వాత డబ్ల్యూ3సీ సంస్థ ఇక క్రమశిక్షణ కావాలనుకుంది. 1998 ఫిబ్రవరిలో ఎక్స్ఎంఎల్ వచ్చింది, 2000 జనవరిలో ఎక్స్‌హెచ్‌టీఎంఎల్ వచ్చింది. రూల్ కఠినం. ఒక్క ట్యాగ్ మూయకపోతే పేజీ రాదు, ఎర్రరే వస్తుంది. ఆ దారి జనానికి ఎక్కలేదు. ఎక్స్‌హెచ్‌టీఎంఎల్ 2 పని 2009లో ఆగిపోయింది. సర్దుకుపోయే హెచ్‌టీఎంఎల్5 గెలిచింది. 2019 మేలో కుదిరిన ఒప్పందంతో హెచ్‌టీఎంఎల్ ప్రమాణం బాధ్యత బ్రౌజర్ కంపెనీలు నడిపే వాట్‌డబ్ల్యూజీ చేతికి వెళ్లింది.

వాడేవాళ్లకు అది మంచిదే. నేర్చుకునేవాళ్లకు మాత్రం ఓ చిక్కు. తప్పు చేసినట్టు ఎవరూ చెప్పరు. డివ్ ట్యాగ్‌కు రంగు వేసి, క్లిక్ పెట్టి బటన్‌లా చేస్తారు. మౌస్‌తో నొక్కితే పనిచేస్తుంది. కీబోర్డులో ట్యాబ్ నొక్కుతూ వెళ్లేవాళ్లకు మాత్రం ఆ బటన్ అసలు దొరకదు. అక్షరాలు చిన్నగా కావాలని హెచ్1 తర్వాత నేరుగా హెచ్4 పెడతారు. చూసేవాళ్లకు తేడా లేదు, హెడ్డింగుల మీదుగా దూకుతూ చదివే స్క్రీన్ రీడర్ వాడకందారుకు మాత్రం మధ్యలో రెండు మెట్లు విరిగిన నిచ్చెన అది. లేబుల్ బదులు గడిలోనే బూడిద రంగులో 'పేరు' అని ప్లేస్‌హోల్డర్ పెట్టి సరిపెట్టేవాళ్లూ ఉన్నారు. టైప్ చేయడం మొదలుపెట్టగానే ఆ మాట మాయం.

ఇందుకే హెచ్‌టీఎంఎల్‌ను 'రెండు రోజుల్లో అయిపోయే సబ్జెక్ట్' అనుకుంటారు. తప్పు తెలియని చోట అంతా వచ్చేసినట్టే ఉంటుంది.

దీని ఫలితం ఎలా ఉందో లెక్కల్లోనే ఉంది. అమెరికాలోని యూటా స్టేట్ యూనివర్సిటీకి చెందిన వెబ్‌ఎయిమ్ సంస్థ ఏటా పది లక్షల వెబ్‌సైట్ల హోంపేజీలను పరిశీలిస్తుంది. 2025 రిపోర్టు ప్రకారం 94.8 శాతం పేజీల్లో యాక్సెసిబిలిటీ తప్పులు దొరికాయి. సగటున ఒక్కో పేజీలో 51 తప్పులు. సగానికి పైగా పేజీల్లో ఫొటోలకు ఆల్ట్ టెక్స్ట్ లేదు. దాదాపు సగం పేజీల్లో ఫారం గడులకు లేబుల్ లేదు. ఇవి ప్రోగ్రాంకు దొరికిన తప్పులు మాత్రమే. మనిషి కూర్చుని చూస్తే ఇంకెన్ని బయటపడతాయో!

ఎక్స్ఎంఎల్ ఊసే లేకపోతే ఎలా?

ఈ కోర్సులో ఇంకో లోటు ఉంది. మార్కప్ అంటే హెచ్‌టీఎంఎల్ ఒక్కటే అన్నట్టు సాగుతుంది. వెబ్ డిజైన్ కోర్సు కాబట్టి పూర్తిగా తప్పు పట్టలేం. కానీ ఉద్యోగంలో చేరాక డెవలపర్‌కు ఎదురయ్యేది ఇదొక్కటే కాదు. రిజర్వ్ బ్యాంక్ 2013 అక్టోబర్‌లో తెచ్చిన కొత్త ఆర్‌టీజీఎస్ వ్యవస్థ ఐఎస్ఓ 20022 ప్రమాణం మీద నడుస్తోంది. ఆ సందేశాలు ఎక్స్ఎంఎల్‌లోనే ఉంటాయి. కంపెనీలు కార్పొరేట్ వ్యవహారాల శాఖకు పంపే ఎక్స్‌బీఆర్ఎల్ లెక్కలదీ అదే పునాది. ఆధార్ ఆఫ్‌లైన్ ఈ-కేవైసీ ఫైల్ డౌన్‌లోడ్ చేసి తెరిస్తే లోపల ఉండేది ఎక్స్ఎంఎల్. ఆండ్రాయిడ్ యాప్ లేఅవుట్లు, వర్డ్ డాక్యుమెంట్ లోపలి సరుకు.. అన్నీ దాని మీదే.

హెచ్‌టీఎంఎల్‌లో పేరాగ్రాఫ్ ట్యాగ్ మూయకపోయినా రూల్ ప్రకారం తప్పు కాదు. ఎక్స్ఎంఎల్‌లో అదే పని చేస్తే ఫైల్ మొత్తం చెల్లదు. బ్రౌజర్ సర్దుకుపోవడానికి అలవాటు పడ్డవాళ్లకు మొదటిసారి ఎక్స్ఎంఎల్ ఫైల్ తిరిగొచ్చినప్పుడు ఏం జరిగిందో అర్థం కాదు. ఈ రెండింటి తేడాను పక్కపక్కన పెట్టి చూపించే కోర్సులు అరుదు. పది నిమిషాల పాఠం అది. చూపిస్తే ట్యాగ్ ఎందుకు మూయాలో బుర్రకెక్కుతుంది.

తెలుగు పేజీ రాస్తే?

ఇంగ్లీష్ కోర్సు ఇంగ్లీష్ పేజీలే చేయిస్తుంది. సహజం. కానీ మన దగ్గర నేర్చుకున్నవాళ్లు రేపు మీసేవ లాంటి సైట్‌కో, న్యూస్ పేజీకో, పంచాయతీ సమాచారం ఇచ్చే పేజీకో కోడ్ రాయాల్సి రావచ్చు. అక్కడ కోర్సు చెప్పని సంగతులు చాలానే ఎదురవుతాయి.

మొదటిది భాష పేరు. పేజీ ఏ భాషలో ఉందో చెప్పే 'లాంగ్' అట్రిబ్యూట్‌ను పిల్లుల ఫొటోల ప్రాజెక్టు చివర్లో నేర్పుతుంది. ఇంగ్లీష్ కాబట్టి 'ఈఎన్'. యాక్సెసిబిలిటీ క్విజ్ ప్రాజెక్టులో అది ఎందుకో కూడా చెబుతుంది. కానీ తెలుగుకు 'టీఈ' అని మార్చాలని గుర్తుచేసేవాళ్లు ఎవరు? పైగా ఎక్కువమంది వాడే వీఎస్ కోడ్ ఎడిటర్‌లో ఆశ్చర్యార్థకం కొట్టి ట్యాబ్ నొక్కితే పేజీ అస్థిపంజరం మొత్తం దానంతటదే వచ్చేస్తుంది. అందులో 'లాంగ్ ఈఎన్' అనే ఉంటుంది. దాని కింద పేజీ నిండా తెలుగు రాసేస్తారు. స్క్రీన్ రీడర్ ఏ గొంతుతో, ఏ ఉచ్చారణతో చదవాలో తేల్చుకోవడానికి చూసేవాటిలో ఇదొకటి. 'ఇది ఇంగ్లీష్' అని మనమే దానికి తప్పు చెబుతున్నాం.

రెండోది ఇంకా తమాషా. 'హెచ్‌టీఎంఎల్' అన్న మాటనే తెలుగులో టైప్ చేసి చూడండి. 'చ్' పక్కన 'టీ' వస్తే రెండూ కలిసిపోయి 'హెచ్టీఎంఎల్' అయిపోతుంది. 'సాఫ్ట్‌వేర్' కాస్తా 'సాఫ్ట్వేర్' అవుతుంది. వాటిని విడదీసేది కంటికి కనిపించని ఒక అక్షరం. దాని పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్. హెచ్‌టీఎంఎల్‌లో దానికి 'జెడ్‌డబ్ల్యూఎన్‌జే' అని ప్రత్యేకంగా ఒక కోడ్ కూడా ఉంది. ఇంగ్లీష్ వాళ్లకు దీని అవసరం రాదు కాబట్టి బిగినర్ కోర్సుల్లో కనిపించదు. తెలుగు పేజీకి మాత్రం దాదాపు ప్రతి పేరాలోనూ కావాలి.

ఇక వత్తుల సంగతి. ఇంగ్లీష్ అక్షరాలకు సరిపోయే లైన్ హైట్ పెడితే తెలుగు వత్తులు కింది లైన్‌ను తాకుతాయి. గడి ఎత్తు ఫిక్స్ చేసి, బయటికొచ్చింది కనపడకుండా చేస్తే వత్తులు సగానికి తెగిపోతాయి. చాలా యాప్‌ల తెలుగు వెర్షన్‌లో బటన్ మీద మాటలు కింద కోసేసినట్టు కనిపించేది ఇందుకే. యూనికోడ్ రాకముందు తెలుగు పత్రికల సైట్లు ఒక్కోటి ఒక్కో సొంత ఫాంట్‌తో నడిచేవి. ఫాంట్ లేకపోతే పేజీ నిండా పిచ్చి గీతలే. ఆ రోజులు పోయాయి, యూటీఎఫ్-8 లైన్ ఒక్కటి పెడితే చాలు. ఆ లైన్ ఎందుకు పెడుతున్నామో తెలియకుండా కాపీ కొట్టడం మాత్రం పోలేదు.

మన వీలును బట్టి అంటే.. అసలు పూర్తవుతుందా?

సెల్ఫ్ పేస్డ్ అనగానే వచ్చే పాత విమర్శ ఒకటుంది. మొదలుపెట్టినవాళ్లలో పూర్తి చేసేవాళ్లు ఎంతమంది అని. ఎంఐటీ, హార్వర్డ్ ఇచ్చిన ఆన్‌లైన్ కోర్సుల మీద 2019లో 'సైన్స్' పత్రికలో వచ్చిన విశ్లేషణ ప్రకారం, 2017-18లో చేరినవాళ్లలో కోర్సు పూర్తి చేసింది 3.13 శాతమే. డబ్బు కట్టి వెరిఫైడ్ సర్టిఫికెట్ కోసం చేరినవాళ్లలో మాత్రం 46 శాతం మంది పూర్తి చేశారు. జేబులోంచి డబ్బు పోతే మనిషి కదులుతాడన్నమాట!

అమీర్‌పేటలో ఫీజు కట్టి బ్యాచ్‌లో చేరేవాళ్ల లెక్క కూడా ఇదే. పాఠం యూట్యూబ్‌లో దొరకదని కాదు. పొద్దున్నే క్లాసు ఉంది కాబట్టి లేస్తారు, పక్కవాడు చేశాడు కాబట్టి చేస్తారు. పైగా మాస్టారు భుజం మీదుగా స్క్రీన్ చూసి 'ఇక్కడ డివ్ ఎందుకు పెట్టావ్?' అని ఒక్క ప్రశ్న వేస్తే, ఆటోమేటిక్ టెస్ట్ ఎప్పటికీ వేయలేని ప్రశ్న అది. అలాంటి మాస్టారు దొరకాలి, అది వేరే సంగతి. ఇంటర్వ్యూ ప్రశ్నలు బట్టీ పట్టించి పంపేచోట ఫీజు దండగే.

ఏఐ వచ్చాక ఈ లెక్క ఇంకాస్త చెడింది. ఫ్రీకోడ్‌క్యాంప్ నిజాయతీ పాలసీకి ఒప్పుకుంటేనే సర్టిఫికెట్ ఇస్తుంది. కానీ సర్వే ఫారం షరతులన్నీ చాట్‌బాట్‌కు అతికిస్తే నిమిషంలో కోడ్ వచ్చేస్తుంది, టెస్టులు పాసవుతాయి. 300 గంటల సర్టిఫికెట్‌ను ఒక్క మధ్యాహ్నంలో తెచ్చుకోవచ్చు. కాబట్టి కంపెనీల దృష్టిలో ఆ కాగితానికి ఎంత విలువ ఇవ్వాలో ఊహించుకోవచ్చు. ప్రాజెక్టు లింక్ మాత్రం వేరు. పేజీ తెరిచి, రైట్ క్లిక్ కొట్టి సోర్స్ చూస్తే రాసిన మనిషికి ఎంత వచ్చో రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది.

మరి ఈ కోర్సు చేయాలా, వద్దా? సున్నా నుంచి మొదలుపెట్టేవాళ్లు నిరభ్యంతరంగా చేయొచ్చు. ఫీజు కట్టించుకునే చాలా కోర్సుల కంటే ఇది నయం. కాకపోతే దీన్ని ప్రాక్టీసుగా తీసుకుని, రిఫరెన్స్‌కు మొజిల్లా వాళ్ల ఎండీఎన్ పేజీలు పక్కన పెట్టుకోవాలి. అక్కడ సర్టిఫికెట్ ఉండదు, కానీ ఏ ట్యాగ్ ఎందుకో, ఎప్పుడు వాడకూడదో వివరంగా ఉంటుంది. డబ్ల్యూ3స్కూల్స్‌ను చాలామంది డబ్ల్యూ3సీ వాళ్ల అఫీషియల్ సైట్ అనుకుంటారు. కాదు. రెండింటికీ సంబంధం లేదు. అది నార్వేకు చెందిన ఒక ప్రైవేట్ కంపెనీది. చిన్న ఉదాహరణ చూసుకోవడానికి మంచిదే, దాని పెయిడ్ సర్టిఫికెట్‌ను మాత్రం ప్రమాణాల సంస్థ ఇచ్చిన ముద్ర అనుకోవద్దు.

కోర్సు వేయని ప్రశ్నలు మనమే వేసుకోవడానికి పైసా ఖర్చు లేదు. రాసిన పేజీని డబ్ల్యూ3సీ వాలిడేటర్‌లో పెడితే బ్రౌజర్ దాచిన తప్పులన్నీ ఎర్రగా బయటికొస్తాయి. క్రోమ్‌లోని లైట్‌హౌస్ స్కోర్ కూడా చూడొచ్చు. వందకు వంద వచ్చినా నిశ్చింతగా ఉండకూడదు, అది కూడా ప్రోగ్రామే. మౌస్ పక్కన పెట్టేసి ట్యాబ్ కీ ఒక్కదానితో మీ పేజీ చివరిదాకా వెళ్లండి. ఎక్కడ ఆగిపోయారో అక్కడ తప్పుంది.

చివరి టెస్ట్‌కు ఆండ్రాయిడ్ ఫోన్ చాలు. సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీకి వెళ్లి టాక్‌బ్యాక్ ఆన్ చేయండి. ఎలా ఆఫ్ చేయాలో ముందే చూసిపెట్టుకోండి, ఆన్ చేశాక ఫోన్ వాడే తీరే మారిపోతుంది. మీ సర్వే ఫారం తెరిచి, కళ్లు మూసుకుని, మీ పేరు, ఈమెయిల్, నంబర్ నింపి సబ్మిట్ కొట్టడానికి ప్రయత్నించండి. ఏదైనా గడి దగ్గర 'ఎడిట్ బాక్స్' అని మాత్రమే వినిపిస్తే, టెస్టులన్నీ పాసైన ఆ కోడ్‌లోకి వెళ్లి లేబుల్ లైన్‌లో 'ఫర్' ఉందో లేదో చూడండి.